ఆ మెత్త మీద కూర్చునేది ఎవరు?

ఇప్పుడు జనగామలో కొత్తగా లేస్తున్న ఇళ్లలో కిటికీ కింద ఒక పెట్టె కనిపిస్తోంది. ప్లైవుడ్‌తో కట్టి, పైన మూత బిగించి, మూత మీద మెత్త వేస్తున్నారు. కూర్చుని పేపరు చదువుకోవచ్చు, వాన చూడొచ్చు అంటారు. ఆలోచన మంచిదే. నా కోపమంతా ఆ మెత్త మీద. ఫోనులో ఫొటో చూసి, గోడ రంగుకు కలిసిందా లేదా అన్నది ఒక్కటే చూసి తెప్పిస్తున్నారు. దాని మీద కూర్చునేది ఎవరు, ఎంతసేపు కూర్చుంటారు, వాళ్ల కాళ్లు నేలకు ఆనుతాయా అని అడిగేవాళ్లు లేరు.

మా రోజుల్లో కిటికీ దగ్గర సీటు అని విడిగా కట్టేవాళ్లు కాదు. మట్టి గోడలు రెండడుగుల మందం ఉండేవి. కిటికీని బయటి అంచుకు బిగిస్తే, లోపలి వైపు ఆ మందమంతా గూడుగా మిగిలేది. కొన్ని ఇళ్లలో ఆ గూటిని కావాలనే కూర్చునే ఎత్తుకు దించేవాళ్లు. ముసలమ్మలు పొద్దంతా అక్కడే. బియ్యం ఏరుకోవడం, దారిన పోయేవాళ్లను పలకరించడం, పిల్లల జడలు అల్లడం అన్నీ అందులోనే. ఆ గూటికి కొలిచి కుట్టించిన చిన్న పరుపు ఉండేది. సంతలో కొన్నది కాదు.

పత్తి ఏరుడు అయిపోయాక దూదేకుల సాయబు ఊళ్లోకి వచ్చేవాడు. భుజాన మనిషెత్తు విల్లు, దానికి నరంతో పేనిన తాడు, చేతిలో చెక్క గుండు. గుండుతో తాడును కొడితే అది వణికి పత్తి పోగులను పట్టి విదిల్చేది. గింజ ముక్కలు, ఆకు తునకలు, దుమ్ము కింద రాలిపోయి, పత్తి గుప్పెడంతది గంపెడయ్యేది. పని మొదలుపెట్టేముందు ఆయన మా అమ్మను ఎప్పుడూ ఒకే మాట అడిగేవాడు.

"ఎవరు కూసుంటరమ్మా దీని మీద?"

"మా అత్త. మోకాళ్లు పట్టుకుంటయి, లేవనీకి వశం కాదు."

"గట్లయితే గట్టిగ కుట్టాలె. మెత్తగ ఉంటె లోపలికి దిగబడ్తది, ఇంక లేవలేదు."

ఈ ముచ్చట ఇవాళ ఏ దుకాణంలో వినబడుతుంది? మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మెత్తటిది మేలనుకుని మరీ కొంటున్నారు. మనిషి అందులో కూరుకుపోతే తుంటి మోకాలి కంటే కిందికి దిగుతుంది. లేవాలంటే ఒళ్లంతా బరువే.

కుట్టడం చూడాలి. దళసరి గుడ్డతో సంచి కుట్టి ఒక పక్క మూతి వదిలేవాళ్లు. సంచిని గూటి కొలత కంటే కొంచెం పెద్దగా కోయాలి, ఎందుకంటే పత్తి నిండి పైకి ఉబ్బేసరికి పొడవూ వెడల్పూ లోపలికి లాగుతాయి. ముందు నాలుగు మూలల్లో కూరి, తర్వాత అంచులు, చివరికి నడుమ. మూలలు ఖాళీగా వదిలిన పరుపు నెల తిరక్కుండానే ముద్దలు కడుతుంది. బెత్తంతో కొట్టి సమం చేశాక మూతి కుట్టి, దబ్బనం తీసేవాడు. దారానికి మైనం రాసి, పైనుంచి కిందికి గుచ్చి, మళ్లీ పైకి లాగి, ముడి కింద గుడ్డపీలికతో చేసిన చిన్న ఉండ పెట్టేవాడు. ఆ ఉండ లేకపోతే దారం గుడ్డను కోసేస్తుంది. అలా జానెడుకొకటి, పక్క వరుసలో నడిమికొకటి. పత్తిని ఎక్కడికక్కడ పట్టి ఉంచేది ఆ ముళ్లే. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న దానికి ఆరేడు కిలోల పత్తి పట్టేది.

గుడ్డ అంటే గుర్తొచ్చింది. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు గుడ్డ మా ఇళ్లలో పరుపు సంచులకు వాడేవాళ్లు. 2002లో ఆ మిల్లు మూతపడింది. ఇప్పుడు సంచి గుడ్డ అడిగితే దుకాణదారు పాలిస్టర్ వెల్వెట్ తీసి చూపిస్తాడు. మే నెలలో, భూపాలపల్లి వైపు 45 డిగ్రీలు దాటే ఎండల్లో, ఎండ పడే కిటికీ పక్కన వెల్వెట్ మీద కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు?

పత్తి ఒక్కటే కాదు, బూరుగు దూది కూడా ఉండేది. మహదేవ్‌పూర్, భూపాలపల్లి అడవుల్లో ఆకురాలిన బూరుగు కొమ్మలకు ఎర్రటి పూలు పూస్తాయి, ఎండలు ముదిరేసరికి కాయలు పండుతాయి. కాయ పగిలి దూది గాలికి పోకముందే కోసి ఎండేసేవాళ్లు. ఆ పోగు లోపల డొల్ల, పైన మైనపు పొర, అందుకే నీళ్లు పట్టదు. రెండో ప్రపంచ యుద్ధంలో నావికుల లైఫ్ జాకెట్లలో నింపింది కూడా బూరుగు జాతి దూదే. ఇంత మంచిదైనా కూర్చునే చోట మాత్రం వేసేవాళ్లు కాదు, బరువుకు అణిగిపోతుంది. తలకూ వీపుకూ బూరుగు, కింద పత్తి. ఈ తేడా తెలిసిన చేతులు తగ్గిపోయాయి.

ఇప్పుడంతా ఫోమే. దీనికి మూలమైన పాలీయురేథేన్‌ను 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ కనిపెట్టాడు. ఫోమ్ కొనొద్దని నేననను. ఏకేవాళ్లు దొరకని ఊళ్లో ఇంకేం చేస్తారు? కానీ తూచి కొనండి. దుకాణంలో 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరుకు 40 కిలోలని లెక్క. ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న ముక్క ఆ లెక్కన దాదాపు మూడు కిలోల నాలుగు వందల గ్రాములు తూగాలి. కిలోన్నర తూగితే ఇంటికి తేవద్దు, ఏడాదిలోనే నడుమ గుంట పడుతుంది. పైగా ఎండ సోకితే ఫోమ్ పసుపు తిరిగి పొడిపొడిగా రాలుతుంది. కిటికీ పక్కన పెట్టేదాన్ని ఎండకు ఆగని సరుకుతో చేసి, మీద పలుచటి గుడ్డ తొడగడం నాకు మింగుడు పడదు. తొడుగు దళసరి నూలుదై ఉండాలి, చైను ఉండాలి, ఉతకడానికి రావాలి. ఫోమ్‌కు తొడుగును పత్తి సంచిలా పెద్దగా కాదు, అరంగుళం చిన్నగా కోయాలి. అప్పుడే ముడతలు పడదు. బొగ్గు గనులున్న భూపాలపల్లిలో కిటికీ తెరిస్తే నల్లటి దుమ్ము పడుతుంది. అక్కడ తెల్ల తొడుగులు అమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు ఎత్తు దగ్గర జరుగుతోంది. వడ్రంగి పెట్టెను 18 అంగుళాలకు కడతాడు. తర్వాత దాని మీద నాలుగంగుళాల మెత్త వస్తుంది. మొత్తం 22. మా వయసు ఆడవాళ్లు కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడుతాయి, తొడల కింద నరాలు లాగుతాయి. కుర్చీకి మూరెడు ఎత్తు చాలు, అది మెత్తతో కలిపి. ముందు మెత్త మందం తేల్చుకుని, పెట్టెను 14 అంగుళాలకు కోయించాలి. మూత తెరవాలంటే మెత్తను రెండు ముక్కలుగా కుట్టించాలి. మూత పలకకు గాలి ఆడే బెజ్జాలు పెట్టించాలి, లేకపోతే వానాకాలం పత్తి చెమ్మగిల్లి వాసన వస్తుంది. మా ఇంట్లో గూటి మీద ముందు జంపఖానా పరిచి, దాని మీద పరుపు వేసేవాళ్లు. పరుపు జారేది కాదు, చెమ్మ ఎక్కేది కాదు. వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల ఆ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చింది సరే, జంపఖానా పరిచిన కిటికీ సీటు ఒక్కటైనా నాకు కనబడదేం?

మహబూబాబాద్ తండాల్లో లంబాడా తల్లులు పాత గుడ్డలు పేర్చి కుట్టే బొంతలు, అద్దాల కుట్టు పనులు ఈ సీట్లకు ఎంత అందమో! అద్దాల గుడ్డను కూర్చునే చోట వేయకండి, గుచ్చుకుంటుంది, అద్దాలూ ఊడిపోతాయి. వీపు ఆనే మెత్తలకు ముందువైపు కాకుండా గోడ మీద వేలాడే అంచుకో, పక్కన పెట్టుకునే చిన్న దిండుకో వాడుకోవాలి. కింద మాత్రం బొంతే, రెండు మడతలు వేస్తే చాలు.

ఇంకొక్క మాట. కొత్త ఇంట్లోకి వెళ్లేటప్పుడు పాత పత్తి పరుపును చెత్త బండికి ఎక్కిస్తున్నారు. ఎక్కించేముందు ఒక మూల కుట్టు విప్పి చూడండి. పత్తి రంగు మారినా, అణిగి గట్టిపడినా, ఎండలో వేసి ఏకిస్తే మళ్లీ లేస్తుంది. విల్లు లేకపోయినా పట్నంలో మిషన్ మీద ఏకేవాళ్లు దొరుకుతారు. పోగు కొంచెం తెగుతుంది, అయినా ఫరవాలేదు. డబుల్ కాట్ పరుపు ఒకటి విప్పితే రెండు మూడు కిటికీలకు మెత్తలవుతాయి, సంచి గుడ్డ ఒక్కటే కొత్తగా కొనుక్కోవాలి.