ఎనకాల ఏముందబ్బీ?

మా పెద్దమ్మకు డెబ్బై దాటినాయి. కంటి ఆపరేషన్ అయినప్పటినుంచి ఆమె చూపుకు అడ్డం లేకుండా పోయింది. చీరల అంగట్లో ముందు చీర తిరగేసి చూస్తుంది. పెండ్లిచూపులకు పోతే పిల్లవాని ముఖం చూడకముందే చేతులు కడుక్కొనే సాకుతో వాళ్ల పెరడంతా తిరిగొస్తుంది. "ముందర అందరూ బాగానే పెడతారబ్బీ. ఎనకాల ఏముండాదో అదీ సంసారం" అనేది ఆమె సిద్ధాంతం. ఇట్లాంటి మనిషిని నేను రామోజీ ఫిలింసిటీకి పిల్చుకపోయినాను. తప్పు నాదే.

అయినా ఆమెననీ ఏం లాభం? మాది పులివెందుల పక్క తుమ్మలపల్లె. మా ఊరిపేరు పేపర్లో పడిందంటే అది యురేనియం గురించే. 2007లో గనికి శంకుస్థాపన జరిగినప్పటినుంచి మా ఊరివాళ్లకు ఒక సంగతి బాగా వంటబట్టింది: పైన కనపడేది అరటితోట, చీనీచెట్టు, తుమ్మకంప, అసలు సరుకు నేల కింద ఉంది. పైపై చూపును నమ్మని జాతి మాది.

ఫిలింసిటీకి పోయేముందు బస్సులో నేను చదువుకున్నదంతా అప్పజెప్పినాను. రామోజీరావు గారు 1996లో కట్టించినారనీ, 1,666 ఎకరాలనీ, ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో అని గిన్నిస్ బుక్కులో ఎక్కిందనీ చెప్పినాను. పెద్దమ్మ కండ్లు పెద్దవి చేసింది.

"పదారు నూర్ల ఎకరాలా! బోర్లు ఎన్ని పడినాయంట?"

లోపల ఎర్రబస్సులో తిప్పుతూ గైడు ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. ఇటునుంచి చూస్తే ఒక కట్టడం, మలుపు తిరిగితే అదే కట్టడానికి వేరే ముఖం. కెమెరా ఎటు తిరిగితే అటు ఒక ఊరు. బస్సులోని జనమంతా "అబ్బా" అంటున్నారు. బస్సు ఆగిందో లేదో, పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకొని ఒక బంగళా పక్కకు పోయింది. రెండు నిమిషాలకు దొంగను పట్టుకున్న కానిస్టేబులు మాదిరి తిరిగొచ్చింది.

"ఎనకాల గోడే లేదబ్బీ! వట్టి కర్రలు నిలబెట్టినారు. రూఫ్‌లెవల్ బిల్లు ఎట్లా పడింది వీళ్లకు?"

ఇండ్ల పథకంలో బేస్‌మట్టానికొక బిల్లు, పైకప్పుకొక బిల్లు అని తిరిగి తిరిగి చెప్పులరిగిన మనిషి బాధ అది. అది సినిమా సెట్టనీ, కెమెరాకు కనపడేంతవరకే కడతారనీ నచ్చజెప్పేసరికి మిగిలిన సగం ఊరు బస్సు కిటికీలోంచే జారిపోయింది.

తిరుగు బస్సులో నిద్రపట్టక ఆమెకు వాల్ట్ డిస్నీ కత చెప్పినాను. 1955లో అమెరికాలోని అనాహైమ్‌లో కమలాతోటలు కొట్టేసి ఆయన డిస్నీలాండ్ కట్టినాడు. "మన చీనీతోటల మాదిరేనా? పాపం" అంది. పార్కు చుట్టూ ఎత్తుగా మట్టికట్ట పోయించినాడు, లోపలున్నోళ్లకు బయటి రోడ్లూ కరెంటు స్తంభాలూ కనపడకూడదని.

"చెరువు లేకుండా కట్టెందుకబ్బీ? దండగ."

"నీళ్లు ఆపేదానికి కాదు పెద్దమ్మా, చూపు ఆపేదానికి."

ఆమె కొంచెంసేపు ఆలోచించి, "మా మామ కూడా ఇంటిముందర అట్లనే దడి కట్టించినాడు, అప్పులోళ్లకు కనపడకుండా" అంది. వాల్ట్ డిస్నీకి ఇంత సూటి వ్యాఖ్యానం ఎవరూ రాసి ఉండరు.

ఇంకో కత కూడా చెప్పినాను. డిస్నీలాండ్‌లో పాతకాలపు పశ్చిమ అమెరికా ఒక పేట, రాబోయే కాలం ఇంకో పేట. ఒకరోజు పాతపేట కౌబాయ్ ఒకడు డ్యూటీకి పోతూ రాబోయే కాలంలోంచి నడిచిపోయినాడంట. అది చూసి డిస్నీకి ప్రాణం ఉసూరుమనింది. ఫ్లోరిడాలో 1971లో తెరిచిన కొత్త పార్కులో పనివాళ్లు తిరిగేదానికి వేరే దారులు పెట్టినారు. అక్కడ తవ్వితే నీళ్లు పడతాయి కాబట్టి ఆ దారులు నేలమట్టానే కట్టి, పార్కును వాటి నెత్తిన పెట్టినారు. అంటే జనం తిరిగేది మిద్దె మీద! "తవ్వితే నీళ్లా?" అని పెద్దమ్మ అక్కడే ఆగిపోయింది. ఆమెకు అదొక్కటే అద్భుతంగా తోచింది.

అక్కడి సిండరెల్లా కోట ఎత్తు 189 అడుగులు. 200 అడుగులు దాటితే విమానాలకోసం నెత్తిన ఎర్రలైటు పెట్టాల. రాజకుమారి కోటమీద ఎర్రలైటు వెలిగితే సెల్‌టవర్ అయిపోదా? అందుకని కింద రాళ్లు పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి చేసి, ఉన్న ఎత్తుకంటే ఎక్కువగా కనపడేట్టు కట్టినారు. దాచలేని షెడ్లకూ తలుపులకూ కంటికి ఆనని ఒక పచ్చరంగు వేస్తారు. దానిపేరు తెలుగులో చెప్పాలంటే 'అవతలికి పో పచ్చ'. మా పక్క ఇది పారదు. మా ఊళ్లో గోడకు ఏ రంగు వేసినా తెల్లారేసరికి "ఏ పార్టీలో చేరినావన్నా?" అని అడుగుతారు. కంటికి ఆనని రంగు రాయలసీమలో ఇంకా పుట్టలేదు.

ఈ దాచే విద్య అందరికీ పట్టుబడదు. ఆమధ్య ఒక పార్కులో ఆదిమానవుల అడవికి టికెట్ కొన్నాను. గుహ బాగుంది, డోలు బాగుంది, చెట్లమధ్య పొగ కూడా బాగుంది. తల ఎత్తితే అడవి నెత్తిన నీళ్లట్యాంకు, దానిమీద సిమెంటు కంపెనీ ప్రకటన. గుహవాకిట్లో ఆదిమానవుడు చేతిగడియారం చూసుకుంటా ఫోన్లో పెండ్లానికి కూరగాయల లెక్క చెప్తున్నాడు. నన్ను చూసి ఫోను తోలుచెడ్డీలో దోపుకొని "హూ" అన్నాడు. నేను మర్యాదకు భయపడినాను.

ఇదంతా చెప్పి, "చూసినావా, బయటిది కనపడితే లోపలిదాంట్లో మనసు నిలవదు పెద్దమ్మా" అని ముగించినాను. ఆమె నవ్వింది.

"మాయాబజార్ యాడ చూసినానో తెలుసునా? టూరింగ్ టాకీసులో. డేరాకు బొక్కలు. ముందర కూర్చున్నోని తలపాగా సగం ద్వారకను మింగేసింది. మధ్యలో కుక్క తెరముందర నుంచి పాయ. రీలు మార్చేటప్పుడు లైట్లేస్తే అందరం ఒకరి మొగం ఒకరు చూసుకుంటిమి. మళ్లీ లైట్లార్పంగానే ఘటోత్కచుడు నిజం. ఏ కట్టబ్బీ అప్పుడు మాకు అడ్డం?"

నా దగ్గర జవాబు లేదు. 1957 నాటి ఆ సినిమా తీయించిన నాగిరెడ్డి గారిది మా కడప జిల్లా, తీసిన కె.వి.రెడ్డి గారిది పక్క తాడిపత్రి. ఆ ద్వారక బొమ్మరిండ్లతో పేర్చిన చిన్న ఊరే. ఆ మాట చెప్తే, "తెలుసులే. తెలిసే ఏడ్సినాం" అంది. బంగళా ఎనకాలకు పోయి చూసిన మనిషే ఈ మాట అనడం నాకు కొత్తగా అనిపించింది.

ఆ తర్వాత సంక్రాంతికి గండికోటకు పోయినాం. పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా కారులో పోతే దారిలో యాడా లోయ కనపడదు. కోటలోపల కూడా మసీదు, ధాన్యాగారం, ఇండ్లు, మేకలు. లోయ ఉందన్న జాడే తెలియదు. రాళ్లమీద నాలుగడుగులు ఎక్కితే ఉన్నట్టుండి కాళ్లకింద నేల తెగిపోతుంది. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన గండి. ఏ కట్టా పోయకుండా, ఏ రంగూ వేయకుండా, చివరి అడుగుదాకా దాచిపెట్టి చూపించడం పెన్నకే చెల్లింది.

నేను ఫోను తీసినాను. సరిగ్గా లోయ అంచున వేరుశనక్కాయల బండి. ఎడమకు జరిగితే హెచ్చరిక బోర్డు, కుడికి జరిగితే సెల్ఫీ తీసుకుంటున్న కొత్తజంట. వంగి, కూర్చొని, చివరికి బోర్లాపడుకొని, బండీ బోర్డూ జంటా ఏవీ రాకుండా లోయనూ పెద్దమ్మనూ పట్టినాను. ఆ నిమిషాన నాకూ వాల్ట్ డిస్నీకీ తేడా ప్యాంటుకు అంటిన దుమ్మే.

"అబ్బీ, కాయలబండి పడిందా?"

"లేదు పెద్దమ్మా, తప్పించినా."

"అయ్యో, వాడు నాకు గుప్పెడు కాయలు ఊరకే పెట్టినాడురా."

ఆ ఫొటో పెద్దది చేయించి నడవలో తగిలించినాను. చూసినవాళ్లంతా "అమెరికానా?" అంటారు. నేను గర్వంగా నోరు తెరిచేలోపల పెద్దమ్మ మంచం దిగి వస్తుంది. ఫ్రేమును దాటి, వట్టి సున్నపుగోడ మీద వేలు పెడుతుంది.

"కాయలబండి ఈడుండాది. పిల్లోనిది ఎర్రచొక్కా. కాయలు దోరగా ఏంచినాడు, ఉప్పు కొంచెం ఎక్కువ. ఈ పక్క కొత్తగా పెండ్లయినోళ్లు, ఆ పాపకు మెట్టెలు కాలు ఒరుస్తాండాయి."

వచ్చినవాళ్లు లోయను వదిలేసి గోడను చూస్తారు. మొన్న జంగాలపల్లె నుంచి వచ్చిన బంధువు ఒకాయన సున్నం దగ్గరికి ముఖం పెట్టి ఎంతసేపో చూసినాడు.

"కాయలు ఎట్లిచ్చాండె పెద్దమ్మా?" అని అడిగినాడు.