నేను అష్టాచెమ్మ గవ్వను

నేను గవ్వను. హిందూ మహాసముద్రంలో పుట్టి, చేతులు మారుతూ నల్లగొండలోని ఒక పాత ఇంటికి చేరాను. మేం నలుగురం. షాబాద్ బండల మీద సుద్దముక్కతో గళ్లు గీసి, మమ్మల్ని గుప్పిట్లో గలగలలాడించి వేస్తారు. అందరం వెల్లకిలా పడితే చెమ్మ, బోర్లా పడితే అష్ట.

ఏళ్ల తరబడి గూట్లో ఉన్న మమ్మల్ని 2020 మార్చిలో లాక్‌డౌన్ మళ్లీ బయటికి తీసింది. బడి లేదు, బస్సు లేదు, పొద్దు పోదు. అత్తాకోడళ్లు, పిల్లలు చుట్టూ చేరారు. ఏప్రిల్‌లో సూర్యాపేట వార్త వచ్చింది. 2016 దాకా అది మా జిల్లాలోదే. అక్కడ ఇరుగుపొరుగుతో అష్టాచెమ్మ ఆడిన ఒక మహిళ నుంచి 31 మందికి కరోనా సోకిందని పత్రికలు రాశాయి. అదే నెలలో విజయవాడ కృష్ణలంకలో పేకాట ఆడిన లారీ డ్రైవర్ నుంచి 24 మందికి సోకిందని కలెక్టర్ చెప్పారు.

సూర్యాపేట వార్త విన్న రోజే మమ్మల్ని సబ్బునీళ్లతో కడిగి అటకెక్కించారు. "ఒక్కతే అంతమందికి అంటించిందట వదినా, ఎంత పాపం!" అని పక్కింటావిడ అంది. ఆ మాటే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

తరువాత ఈ ఇంట్లో చదివిన సంగతులన్నీ విన్నాను. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో దాదాపు 85 వేల మంది కరోనా రోగులనూ, వాళ్లను కలిసిన 5.75 లక్షల మందినీ పరిశోధకుడు రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం పరిశీలించింది. 2020లో అచ్చయిన ఆ అధ్యయనంలో, పదిమంది రోగుల్లో ఏడుగురి నుంచి ఇంకొకరికి సోకినట్టు కనబడలేదు. వ్యాప్తిలో పెద్ద భాగం కొద్దిమంది నుంచే జరిగింది. మా పందెమూ అంతే: చాలాసార్లు రెండో మూడో పడతాయి, ఎప్పుడో ఒకసారి అష్ట పడుతుంది.

ఎందుకలా? ఒంట్లో వైరస్ మోతాదు మనిషికీ మనిషికీ మారుతుంది. కరోనాలో లక్షణాలు మొదలయ్యే ముందు, మొదలైన కొత్తలో అది ఎక్కువ. మాట్లాడేటప్పుడు ఊపిరితో సన్నని తుంపరలు వస్తాయి. గొంతు పెంచితే అవీ పెరుగుతాయి. అంతే గట్టిగా మాట్లాడినా కొందరి నోటి నుంచి మిగతావారికన్నా ఎన్నో రెట్లు వస్తాయి. బ్రిటన్‌లో యువ వాలంటీర్లకు కావాలనే వైరస్ ఎక్కించి చూశారు. సోకిన 18 మంది గాలిలోకి వదిలిన వైరస్‌లో 86 శాతం ఇద్దరిదే. వాళ్ల జబ్బు మిగతావారికన్నా తీవ్రమైనదేం కాదు.

అలాంటి మనిషి బయట నడిచిపోతే పెద్దగా ఏమీ కాదు. తలుపులు మూసిన గదిలో, మోకాలికి మోకాలు ఆనించి, అష్ట పడ్డప్పుడల్లా కేకలేస్తూ గంటలు కూర్చుంటే ముప్పు ఎక్కువ. గవ్వను తాకడంకన్నా ఆ గాలిని పీల్చడంలోనే ప్రమాదం ఎక్కువ.

కాబట్టి సూర్యాపేట ఆవిడను నిందించకండి. తన ఊపిరిలో ఎంత వైరస్ ఉందో ఎవరికి తెలుస్తుంది? రేపు ఆ మనిషి మీరే కావచ్చు. గొంతు గరగరలాడిన రోజు ఆటకు వెళ్లకండి, తప్పకపోతే మాస్కు పెట్టుకోండి. మిగతా రోజుల్లో వాకిట్లో ఆడుకోండి, గదిలో అయితే కిటికీలు తెరవండి. వెలివేస్తారన్న భయముంటే మనిషి జబ్బును దాస్తాడు. దాచిన జబ్బే ఊరంతా పాకుతుంది.