ఒక్క మాట

1998 మే మొదటి వారం. రాత్రి డెస్కులో నేనొక్కణ్ణే. మూడో తేదీ న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసిన కథనం ఏజెన్సీ కాపీగా మాదాకా వచ్చింది. కణితికి నెత్తురు మోసే కొత్త నాళాలు మొలవకుండా చేసి దాన్ని ఎండగట్టే రెండు ప్రోటీన్లు, ఎండోస్టాటిన్, యాంజియోస్టాటిన్. బోస్టన్‌లో జూడా ఫోక్‌మన్ బృందం కనిపెట్టింది. కణితులు కరిగిపోతున్నాయి, ఎలుకల్లో. క్యాన్సరొచ్చింది ఎలుకకైతే బాగానే చూసుకోగలమని ఆ డాక్టరు పాపం చెబుతూనే ఉన్నాడు. వింటేగా! సోమవారం మార్కెట్లో ఆ మందు కంపెనీ షేరు 12 డాలర్ల నుంచి ఒక దశలో 85కి ఎగబాకింది. ఇక నా చెయ్యి మాత్రం ఎందుకు ఊరుకుంటుంది?

"ఎలుకల్లో క్యాన్సర్‌కు చెక్" అని హెడ్డింగ్ పెట్టాను. రెండు కాలమ్‌లలో పట్టలేదు. అక్షరం సైజు తగ్గిస్తే వార్త తేలిపోతుంది. మొదటి మాట తీసేశాను. కాపీ కూడా నాలుగు లైన్లు ఎక్కువైతే తోక కోశాను. ఎలుకలు మిగిలింది ఆ తోకలోనే.

వారం తిరక్కుండా ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చాడు. కడిగి ఆరబెట్టిన పాల కవర్లో నా వార్త, నాలుగు మడతల్లో.

"మా ఇంటిదానికి కరెంటు పెట్టిస్తున్నాం బాబూ. తట్టుకోలేక పోతోంది. ఇది చూసి సగంలో ఆపించేశాం. ఈ మందు ఎక్కడ దొరుకుద్ది?"

చెప్పాను. ఎలుకలని, ఏళ్లు పడుతుందని, వెంటనే వెళ్లి రేడియేషన్ మళ్లీ మొదలెట్టించమని. ఆయన కాగితం లైటు కిందికి జరుపుకుని, వేలు పెట్టి చివరిదాకా చదివాడు.

"ఎలకలని ఇందులో లేదే?"

"చోటు పట్టలేదండీ."

అవే మడతల్లో మళ్లీ మడిచి పట్టుకెళ్లాడు.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఇంకోసారి వచ్చాడు. అప్పటికీ ఆ మందు ఒక్క మనిషికీ ఎక్కలేదు. యాడ్స్ కుర్రాడు భోజనానికి వెళ్తే కౌంటర్లో నేనున్నాను. ఆవిడ పాస్‌పోర్టు సైజు ఫోటో, రూళ్ల కాగితం మీద శ్రద్ధాంజలి. ఆయన అనుకున్న అయిదు సెంటీమీటర్లలో ఒక మాట మిగిలిపోతోంది.

"'ప్రేమమూర్తి' తీసేస్తే సరిపోతుందండీ" అన్నాను.

ఆయన జేబులోంచి ఇంకొన్ని నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ ఒక్క మాటకీ ఎంతవుద్దో చెప్పు బాబూ, కడతాను. అప్పుడూ అడిగుంటే కట్టేవాణ్ణి."