సూదిమొన మోపినంత గ్రౌండు

సోమవారం పొద్దున మావాడి స్కూలు నుంచి వాట్సాప్‌లో సర్క్యులర్ దిగింది. ఈ వారమంతా 'వెల్‌నెస్ వీక్' అట. పిల్లల ఆరోగ్యమే మా ఊపిరి అని మొదటి వాక్యం. తెల్ల టీషర్టు, యోగా మ్యాటు స్కూలు స్టోర్‌లోనే కొనాలి, బయటివి అనుమతించబడవు అని రెండోది. పిల్లల్ని రాత్రి ఎనిమిదిన్నరకల్లా పడుకోబెట్టాలి అని మూడోది. బస్సు ఆరూ యాభైకే వస్తుంది, గేటు దగ్గర నిలబడి ఉండాలి అని నాలుగోది. ఆఖర్న వెల్‌నెస్ ఫీజు కట్టే లింకు. నేను కళ్లు నులుముకుని చూసేసరికే గ్రూపులో నూట నలభై మంది తల్లిదండ్రులు దండాల బొమ్మలు పెట్టేశారు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టక తప్పుతుందా, మావాడు ఆ స్కూల్లోనే చదవాలి కదా.

మాది హైదరాబాద్‌లో కొండాపూర్. వాడు నాలుగో తరగతి. స్కూలు పేరు చెప్పను. చెప్పకపోయినా ఈ చుట్టుపక్కల ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ మా పిల్లల స్కూలు గురించే రాశాడని అనుకుంటారు.

మంగళవారం షుగర్ బోర్డు ఆవిష్కరణ. ఇది స్కూలువాళ్ల సొంత తెలివి కాదు. 2025 మే నెలలో సీబీఎస్‌ఈ తన బడులన్నిటికీ చెప్పింది. నాలుగు నుంచి పదేళ్ల పిల్లల ఒంట్లోకి వెళ్లే కేలరీల్లో 13 శాతం చక్కెరవే, 5 శాతం దాటకూడదు, కాబట్టి ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో గోడమీద రాసిపెట్టండని. మంచి మాట. జులైలో నూనెకూ బోర్డులు పెట్టమంది. అదీ మంచి మాటే. మావాణ్ణి షుగర్ క్యూబ్ వేషానికి తీసుకున్నారు. థర్మకోల్ డబ్బాలోంచి తలా చేతులూ బయటికి పెట్టి, ముఖ్య అతిథి వచ్చేదాకా నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాడు. ముఖ్య అతిథి బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఇరుక్కుపోయారట. వేషగాళ్లలో ఇద్దరు కళ్లు తిరిగి కూలబడితే గ్లూకోజు నీళ్లు పట్టారు. చక్కెర తినొద్దని చెప్పడానికి వచ్చిన చక్కెర, చక్కెర తాగి తేరుకుంది. డబ్బా ఖర్చు ఆరు వందలు మాదే.

బుధవారం మూడో అంతస్తు ఏసీ హాల్లో యోగా. పిల్లలకు శవాసనం ఒక్క రోజులోనే అద్భుతంగా వచ్చేసిందని టీచరమ్మ వీడియో పెట్టింది. రాక ఏమవుతుంది? ఆరూ యాభైకి బస్సెక్కి, కొత్తగూడ ఫ్లైఓవర్ దాకా కునికిపాట్లు పడుతూ, డబ్బాలో ఇడ్లీ బస్సులోనే మింగి వచ్చిన పిల్లల్ని వెల్లకిలా పడుకోమంటే వేరే సాధన దేనికి? వీడియోలో చివరి వరుస నుంచి ఒక గురక వినిపించింది. ఆ గురక మా ఇంటిదే.

గురువారం వెన్నెముక ఆరోగ్యంపై ప్రసంగం. దానికి మావాడు బ్యాగు మోసుకెళ్లాడు. అమెరికా ప్రయాణాలకని కొన్న వేలాడే తూకం ఇంట్లో ఉంటే దానికి తగిలించి చూశాను. ఆరు కిలోల రెండు వందల గ్రాములు. మూడు నుంచి అయిదో తరగతి పిల్లల బ్యాగు మూడు కిలోలు దాటకూడదని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు కాపీ కూడా వాడి బ్యాగులో వేస్తే ఇంకో పది గ్రాములు పెరుగుతుంది తప్ప ఫలితం ఉండదని ఊరుకున్నాను.

ప్రైవేటువాళ్లను మాత్రమే అని సర్కారును వదిలేస్తే పాపం తగులుతుంది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద బడిపిల్లల ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. బడికి ఇద్దరు టీచర్లు హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లు. పదకొండు అంశాలు, వారానికి ఒక గంట. మంగళవారం ఆరోగ్య దినం. ముహూర్తం ఎవరు పెట్టారో గానీ మరుసటి నెలలోనే కరోనా వచ్చి బడులకే తాళాలు పడ్డాయి.

అంబాసిడర్ అంటే రాయబారి. రాయబారం అనగానే తిరుపతి వెంకట కవుల పుణ్యమా అని మనకు కృష్ణుడే గుర్తుకొస్తాడు. అయిదూళ్లిచ్చినా చాలన్నాడాయన. ఈ రాయబారి అడిగేది వారానికి ఒక్క గంట. దానికి సిలబస్ ఒప్పుకోదు, ఓటర్ల జాబితా ఒప్పుకోదు. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రాథమిక బడుల టీచర్లను తోలి, బడుల్ని మధ్యాహ్నం దాకే నడిపారు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. సర్కారు బడిలో మధ్యాహ్నం వేడి అన్నం ఉంది, గుడ్డు రోజున గుడ్డు ఉంది. మావాడి స్కూల్లో గుడ్డు మీద పీపీటీ ఉంది.

సిద్దిపేట నుంచి వచ్చిన మా అమ్మ ఈ వారమంతా ఈ తతంగం చూస్తూనే ఉంది. గురువారం సాయంత్రం వాణ్ణి తీసుకురావడానికి గేటు దాకా వచ్చి, ఏడంతస్తుల అద్దాల మేడను తలెత్తి చూసి అంది: "గింత పెద్ద బడి కట్టిండ్రు గదరా. పోరగాండ్లు ఉరుకుటానికి జాగ ఏది?"

అమ్మకు జాగా రేటు తెలియదు. దుర్యోధనుడికీ తెలియదు, అందుకే సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనని ఊరికే కోపంతో అనేశాడు. మా ఐటీ కారిడార్‌లో ఆ సూదిమొనకు లెక్క కట్టవచ్చు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. అందరం నోళ్లు తెరిచాం. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు. మొదటిసారి తెరిచిన నోళ్లు మూయలేదు కాబట్టి మళ్లీ తెరవాల్సిన పని పడలేదు. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం మూడు లక్షల అరవై అయిదు వేల పైచిలుకు. తొక్కుడుబిళ్లకు నాలుగడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు గీశామనుకోండి, నాలుగు గజాలు, 14 లక్షల 60 వేలు. గోళీలకు గుంట చుట్టూ ఒక్క గజం చాలు, మూడున్నర లక్షలు దాటుతుంది. కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. సుమారు 5 కోట్ల 70 లక్షలు. ఒక్కసారి కూతకు వెళ్లి గీత ముట్టి వచ్చేవాడు ఎంత ఆస్తి మీద పరుగెత్తి వచ్చాడో చూడండి. ఖోఖో లెక్క వేయలేదు, నాకు బీపీ ఉంది. చిర్రగోనె అసలే వద్దు. చిర్ర ఎగిరి ఏ చెరువు ఎఫ్‌టీఎల్ హద్దులోనో పడితే ఆక్రమణలు కూల్చే హైడ్రా వస్తుంది.

విద్యా హక్కు చట్టంలో బడికి ఆటస్థలం ఉండాలని 2009లోనే రాశారు. ఎన్ని గజాలో మాత్రం రాయలేదు. రాసినవాళ్లు రాయదుర్గం వైపు ఎప్పుడూ రాలేదేమో.

అన్యాయంగా మాట్లాడకూడదు, మావాడి స్కూలుకు గ్రౌండు ఉంది. అడ్మిషన్ బ్రోషర్ అట్ట మీద డ్రోన్‌తో తీసిన ఫోటో ఉంది. పచ్చగా, వల కట్టి, చుట్టూ ఫ్లడ్‌లైట్లతో. ప్లాస్టిక్ గడ్డి. పిల్లలు రోజూ తొక్కితే పాడవుతుందని వార్షికోత్సవానికి మాత్రమే తీస్తారు. వారానికి రెండు డ్రిల్ పీరియడ్లు. ఒకటి ఒలింపియాడ్‌కు పోయింది, రెండోది వెనకబడిన లెక్కల సిలబస్‌కు అప్పు ఇచ్చారు. అప్పు తీరిన దాఖలా ఇంతవరకు లేదు. పీఈటీ సారు సాయంత్రం బస్సుల దగ్గర నిలబడి రూటు నంబర్లు కేకేస్తుంటాడు. ఆ స్కూల్లో రోజూ వ్యాయామం చేసే గొంతు ఆయనది ఒక్కటే.

ఇక నా సంగతి. మాదాపూర్‌లో పద్నాలుగేళ్లుగా కూర్చుని పనిచేస్తున్నాను. ఉద్యోగ వివరాల్లో 'కూర్చుని' అనే మాట ముఖ్యం. హైదరాబాద్ యూనివర్సిటీ, ఏఐజీ ఆస్పత్రి వాళ్లు కలిసి మా జాతిని పరీక్షించి 2025లో ఫలితాలు అచ్చువేశారు. చూసిన ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్, 71 శాతం మందికి ఊబకాయం. మా టీమ్‌లో పన్నెండు మందిమి రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చూస్తే మాది ఇంకాస్త మెరుగైన శాతం వచ్చింది. ఆ రోజు ఇంటికెళ్లి మావాడి టైమ్‌టేబుల్ చూశాను. పొద్దున బస్సులో కూర్చోవడం, క్లాసులో కూర్చోవడం, లంచ్ కూర్చుని, ఫౌండేషన్ క్లాసులో కూర్చోవడం, మళ్లీ బస్సులో కూర్చోవడం. స్కూలు బోర్డు మీద 'ఫ్యూచర్ రెడీ' అని ఎందుకు రాశారో అప్పుడు తెలిసింది. మాకు ఉద్యోగంలో చేరాక వచ్చిన అర్హత, వీళ్లు ఎల్‌కేజీ నుంచే సంపాదిస్తున్నారు.

డాక్టరు నాకు మందు రాయలేదు. రోజూ గంటసేపు పరుగెత్తి ఏదైనా ఆడమన్నాడు. సరేనని టీమ్ వాళ్లం బాక్స్ క్రికెట్‌కు దగ్గర్లో ఏ టర్ఫ్ ఉందా అని యాప్‌లో వెతికి, గంటకు పన్నెండు వందలు కట్టి, రాత్రి తొమ్మిదింటికి మ్యాప్ చెప్పినచోటికి వెళ్లాం. మ్యాప్ తీసుకెళ్లి మావాడి స్కూలు వెనక గేటు ముందు నిలబెట్టింది. వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. ఫ్లడ్‌లైట్లు వెలిగాయి. పదేళ్ల పిల్లలు తొక్కితే పాడయ్యే గడ్డికి మా తొంభై కిలోల వల్ల ఏమీ కాలేదు.

మర్నాడు పొద్దున బూట్లు తొడుక్కుంటూ మావాడు అడిగాడు. "నాన్నా, రాత్రి మా గ్రౌండ్లోనే ఆడావా?"

"అవున్రా."

"లోపల ఎలా ఉంటుంది? మెత్తగా ఉంటుందా?"

నాలుగేళ్లుగా అక్కడే చదువుతున్నాడు వాడు.

శుక్రవారం వెల్‌నెస్ క్విజ్‌తో వారం ముగిసింది. పిల్లలు రోజుకు ఎంతసేపు ఆడాలి అన్నది ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టే, అయిదు నుంచి పదిహేడేళ్లవాళ్లు కనీసం అరవై నిమిషాలు ఒళ్లు కదిలించాలని మావాడు రాశాడు. పూర్తి మార్కులు. 'వెల్‌నెస్ ఛాంపియన్' అని సర్టిఫికెట్ ఇచ్చారు. లామినేషన్‌కు నూట యాభై.

వచ్చే శనివారానికి టర్ఫ్ మళ్లీ బుక్ చేశాను. ఈసారి ఆటగాళ్ల పేర్లలో వాడి పేరు కూడా కొట్టాను, వయసు 9. దొరికిన స్లాటు రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర. సర్క్యులర్ ప్రకారం ఆ టైముకు వాడు నిద్రపోతూ ఉండాలి.