తెంపినవి 31

పెళ్లయ్యాక మొదటి సంక్రాంతికి అల్లుడు మా మెట్టుగూడ ఇంటికి వచ్చాడు. చేతిలో స్వీట్లు, వీపున రెండు పెద్ద సంచులు. ఆ రెండింట్లోనూ గాలిపటాలే ఉన్నాయని మా అమ్మాయి చెబితే నాకు కాళ్లు నిలవలేదు. లాలాగూడ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఏ జనవరిలోనూ పండుగ మూడు రోజులూ డాబా దిగి ఎరుగను. అలాంటి ఇంటికి పతంగుల అల్లుడే దొరికాడు.

డాబా మీద ఒకదాన్ని పరిచాడు. సగం డాబా నిండిపోయింది. తొమ్మిది చదరపు మీటర్లట. పుల్లల్లేవు, కాగితం లేదు. అంచు పొడవునా గాలి నింపే గొట్టం, మధ్యలో అడ్డంగా మరికొన్ని. ఫ్రాన్స్‌లో లెగెన్యూ అన్నదమ్ములు 1984లో ఈ గాలిగొట్టాల పటానికి పేటెంటు వేశారట. నీళ్లలో పడినా మునగకుండా తేలి మళ్లీ లేస్తుంది కనుకనే సముద్రం మీద ఈ ఆట సాధ్యమైంది. ఇరవై మీటర్లు దాటిన దారాలు, చేతిలో ఒక కడ్డీ, నడుముకు బెల్టు, కాళ్ల కింద పలక. గాలి లాగుతుంటే మనిషి నీళ్ల మీద పరుగెత్తుతాడు. కనుమ కాగానే రామేశ్వరం వెళ్తాడు. ఈ రెండూ స్నేహితుల దగ్గర అడిగి తెచ్చినవి. అక్కడ ఎగరేసి చూసి, ఒకటి కొనుక్కోవాలి. ఒకటేమో అలల మీద స్వారీకి, రెండోది గాల్లోకి ఎగిరి విన్యాసాలు చేయడానికి.

"ఏది తీసుకోమంటారు మామయ్యగారూ?" అన్నాడు నవ్వుతూ. మర్యాదకే అడిగాడు. నేను మాత్రం మనసు పెట్టి విన్నాను.

"ఢీల్ ఇస్తే ఏమవుతుంది బాబూ?" అని అడిగాను.

అల్లుడు నవ్వు ఆపేశాడు. "అసలు సంగతంతా అక్కడే ఉంది" అన్నాడు.

మన పతంగికి ప్రాణం ఢీల్‌లో ఉంది. దారం లాగితే అడ్డపుల్ల వెనక్కి వంగి, పటం ముక్కు ఎటుంటే అటు బాణంలా పోతుంది. దారం వదిలితే పటం చదునై, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ముక్కు మనకు కావలసిన వైపు రాగానే మళ్లీ లాగాలి. పతంగి ఎగరేయడమంటే అంతే, లాగడం వదలడం. ఖీంచ్, ఢీల్. మిగతాదంతా వేళ్లు నేర్చుకోవాల్సిందే.

సముద్రంలో ఢీల్ రెండు రకాలని అల్లుడు చెప్పాడు. అలల మీద దిగుతున్నప్పుడు మనిషి పటం వైపే జారిపోతాడు, దారాలు వదులైపోతాయి. అప్పుడు పటం కూలిపోకూడదు. గాలివాటున తనంతట తాను వెనక్కి జరుగుతూ ఆకాశంలోనే ఉండాలి. అలల పటం అందుకే తేలికగా ఉంటుంది, అడ్డగొట్టాలు తక్కువ, చిన్న కదలికకే చటుక్కున తిరుగుతుంది. విన్యాసాల పటం వేరు. ధనుస్సులా గట్టిగా వంగి ఉంటుంది, గొట్టాలు ఎక్కువ. మనిషిని నీళ్లలోంచి ఒక్కసారిగా ఎగరగొడుతుంది. పైకి లేచాక, కడ్డీని వీపు వెనకనుంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకునే ఆ అర క్షణం మాత్రం లాగడం ఆపేయాలి. ఆపకపోతే భుజం ఊడుతుంది.

నేను చాలాసేపు ఆలోచించి అడిగాను. "మీరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఏ నీళ్లలో ఉంటారు?"

"రామేశ్వరంలోనే. అక్కడ ఒకవైపు నీళ్లు చెరువులా ఉంటాయి."

"అయితే అలల పటం ఎందుకు? ఉన్న నీళ్లకు పటం కొనాలి గానీ, పటం కొని నీళ్లు వెతుక్కోకూడదు."

అల్లుడికి ఆ మాట నచ్చింది. నాకూ గర్వంగానే అనిపించింది. మా నాన్న నాకు పటం ఎంచడం నేర్పిన పద్ధతి అదే. ముందు డాబా ఎక్కి గాలి చూడాలి, తర్వాతే దుకాణానికి వెళ్లాలి. ధూల్‌పేట నుంచి వచ్చిన కట్టలో ఒక్కొక్కటీ తీసి, నడిమి పుల్లను గోటితో మీటి చూసేవాడు. కణుపు ఎక్కడుందో వేలితో తడిమేవాడు. అడ్డపుల్లను రెండు కొసలూ పట్టి వంచితే రెండు వైపులా ఒకేలా వంగాలి. కాగితాన్ని ఎండకు పట్టి చూసి పిన్నీసు మొన అంత రంధ్రమున్నా పక్కన పెట్టేసేవాడు. వంద చూసి పన్నెండు తీసుకునేవాడు. సూత్రం కట్టడం మాత్రం చచ్చేదాకా ఎవరికీ అప్పగించలేదు. పై ముడి అరంగుళం జరిగితే పటం గుణమే మారిపోతుందని ఆయన నమ్మకం. అది నిజం కూడా.

ఇంకో మాట కూడా ఆయన చెప్పేవాడు. తెగిన పటం మనది కాదు, దాని వెంట చూడకు, ఇంకోటి కట్టు.

అల్లుడి పటం అంచున నల్ల ఇంకుతో ఒక పేరు, ఫోన్ నంబరు రాసి ఉన్నాయి. ఇదేమిటని అడిగాను. "పటం చేజారి కొట్టుకుపోతే, చూసినవాళ్లు మనిషి మునిగిపోయాడనుకుని వెతకడానికి పడవలు దింపుతారు. పేరుంటే ఫోన్ చేస్తారు. అందుకే అందరం రాసుకుంటాం" అన్నాడు. మంచి ఆచారం అనిపించింది.

సాయంత్రం అటక మీద నుంచి నా సామానంతా తనే దింపాడు. నాన్న చరఖా, గాజుపొడి పెట్టుకునే డబ్బా, నా నోటుబుక్కు. ఏ సంక్రాంతికి ఎన్ని తెంపానో అందులో ఏళ్లవారీగా రాసుకున్నాను. 1988లో 9. 1996లో 17. అల్లుడు పేజీలు తిప్పుతూ పైకి చదువుతుంటే, గల్లీ అంతా వినేలా అరిచిన "అఫా" కేకలు నాకు మళ్లీ వినిపించాయి.

"2019లో 31! అంత ఎలా?"

అప్పటికే అతని చేతిలో ఒక ఉండ ఉంది. ఆకుపచ్చగా మెరిసే దారం. ఆ ఏడు నేను అన్నం గంజిలో గాజుపొడి కలిపి నూలుకు పట్టించలేదు. కుర్రాళ్లందరి చేతుల్లో నైలాన్ ఉంది, నా నూలు వాళ్ల ముందు వరసగా తెగుతోంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని దేశమంతటా నిషేధించిందని నాకు తెలుసు. తెలిసే, ఒక దుకాణంలో వెనక గదిలోంచి పేపర్లో చుట్టి ఇస్తే తెచ్చుకున్నాను. మూడో రోజు నా వేలు ఎముకదాకా తెగితే, మా ఆవిడ దాన్ని అటక మీదికి విసిరేసింది. ఇదంతా అల్లుడికి దాచకుండా చెప్పాను.

అతను దారాన్ని రెండు చేతులకూ చుట్టుకుని గుంజాడు. తెగలేదు. నేలకేసి కాలితో తొక్కి లాగాడు. తెగలేదు.

"ఇది తెగదు కదా మామయ్యగారూ, మరి మీ పటాలు పోవా?"

"ఎదుటివాడిదీ ఇదే అయితే తెగుతుంది బాబూ. సూత్రం దగ్గర నూలే కదా, ఒక్కోసారి అక్కడ తెగుతుంది. ఒక్కోసారి చరఖా దగ్గర తెగి, బారెడు బారెడు దారంతో సహా పోతుంది."

"ఎటు పోయేవి?"

జనవరిలో మా డాబా మీద ఎక్కువగా ఈశాన్యపు గాలి. నేను చెయ్యెత్తి చూపించాను. "అటు. రైలు పట్టాలు దాటి, సీతాఫల్‌మండి వైపు."

అల్లుడు అటే చూస్తూ నిలబడ్డాడు. అతను ఎప్పుడూ మెడదాకా గుండీలు పెట్టుకునే ఉంటాడు. పెళ్లిలో దండ మార్చుకున్నప్పుడు మెడ మీద గీత ఒకటి నా కంట పడింది. సముద్రంలో దారాలు తగిలి ఉంటాయనుకున్నాను, అడగలేదు. ఇప్పుడు తనే పై గుండీ తీశాడు. ఆ గీత ఒక చెవి కింద మొదలై గొంతు మీదుగా రెండో వైపుకు పోయింది.

"అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బండి మీద సీతాఫల్‌మండి ఫ్లైఓవర్ ఎక్కాను. పద్నాలుగు కుట్లు పడ్డాయి. దారం ఆకుపచ్చగానే ఉంది. ఎవరిదని పోలీసులు అడిగారు. దాని మీద పేరు లేదు" అన్నాడు.

కింద మా ఆవిడ అరిసెలు వేయిస్తున్న వాసన వస్తోంది. అల్లుడు నోటుబుక్కు నా చేతికిచ్చాడు. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"2019 సంక్రాంతి రోజు మీవి ఎన్ని తెగాయి మామయ్యగారూ?"