యుద్ధ సినిమాలో ట్యాంకు: పాటించకూడని ఎనిమిది సలహాలు

యుద్ధం మీద సినిమా తీయాలనుకునే కొత్త దర్శకుడికి సలహాలకు లోటుండదు. హీరో యూనిఫాం గురించీ మీసం గురించీ గంటలకొద్దీ చర్చించేవాళ్ళు కూడా ట్యాంకు మాట వచ్చేసరికి ‘ఏదో ఒకటి మేనేజ్ చేద్దాం’ అంటారు. మన సినిమా ‘కంచె’ (2015)తో రెండో ప్రపంచ యుద్ధం దాకా వెళ్ళింది, అందుకోసం జార్జియాలో షూటింగ్ చేసింది. రేపు అంతకంటే పెద్ద యుద్ధాలే తీస్తాం. అందుకే ఈ రంగంలో తరచూ వినిపించే సలహాలను ఒక్కొక్కటే తీసుకుని, ఎందుకు పాటించకూడదో, బదులుగా ఏం చేయాలో చెప్తాను. ట్యాంకు లోపల ముగ్గురో నలుగురో ఐదుగురో మనుషులుంటారు. ట్యాంకును తప్పుగా చూపిస్తే వాళ్ళ పనితనాన్నీ భయాన్నీ కూడా తప్పుగా చూపించినట్టే.

1. “ట్యాంకంటే ట్యాంకే. ఎవడు చూడొచ్చాడు?”

చూస్తారు. ‘బ్యాటిల్ ఆఫ్ ద బల్జ్’ (1965) వచ్చి అరవై ఏళ్ళయినా అందులోని ట్యాంకులను ఇప్పటికీ తప్పుపడుతూనే ఉన్నారు. అసలు యుద్ధం 1944 డిసెంబరులో బెల్జియం, లక్సెంబర్గ్ అడవుల్లో, గడ్డకట్టే చలిలో మొదలైంది. సినిమా తీసింది స్పెయిన్‌లో. జర్మన్ల కింగ్ టైగర్లుగా కనిపించేవి యుద్ధం ముగిశాక తయారైన అమెరికన్ ఎం47 ప్యాటన్లు. అమెరికన్ల షెర్మన్లుగా కనిపించేవి ఎం24 చాఫీలు. ఆఖరి పోరాటం మంచు జాడే లేని ఎండు మైదానంలో జరుగుతుంది. అప్పట్లో స్పెయిన్ సైన్యం దగ్గర ఉన్నవి అమెరికా ఇచ్చిన ట్యాంకులు కాబట్టి అవే వేషం కట్టాయి. స్పెయిన్‌లోనే తీసిన ‘ప్యాటన్’ (1970)లోనూ అంతే. జనరల్ ప్యాటన్ పేరు పెట్టుకున్న ట్యాంకులే ఆయన శత్రువులుగా నటించాయి.

బదులుగా ఇలా చేయండి: మీకు దొరికే ట్యాంకు ఏదో ముందు తెలుసుకోండి, అది నిజంగా పాల్గొన్న యుద్ధాన్నే కథగా ఎంచుకోండి. 1971లో మన సైన్యం వాడిన టీ-55, పాకిస్తాన్ వాడిన చైనా తయారీ టీ-59 ఒకే కుటుంబానికి చెందినవి. ఆ ఒక్క రకం దొరికితే 1971 కథలో రెండు పక్షాలకూ న్యాయం చేయవచ్చు.

2. “పైన రేకులు కప్పేస్తే టైగర్ అయిపోతుంది”

పైభాగం అవుతుంది, కిందిభాగం కాదు. ‘కెల్లీస్ హీరోస్’ (1970)ను యుగోస్లావియాలో తీశారు. ఆ దేశ సైన్యం దగ్గర అమెరికన్ షెర్మన్లూ రష్యన్ టీ-34లూ రెండూ ఉండేవి. షెర్మన్లు తమ పాత్రలే వేశాయి, టీ-34లకు జర్మన్ టైగర్ వేషం వేశారు. ‘సేవింగ్ ప్రైవేట్ రయాన్’ (1998) చివరి పోరాటంలో వచ్చే టైగర్లకూ పునాది టీ-34లే. రెండు సినిమాల్లోనూ టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) పనితనం మెచ్చుకోదగ్గదే. కానీ టైగర్ చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుగా వరుసలు కట్టి ఉంటాయి. టీ-34కి పక్కకు ఐదేసి పెద్ద చక్రాలు, మధ్యలో ఖాళీలు. తెలిసినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు.

బదులుగా ఇలా చేయండి: చక్రాలు మార్చలేకపోతే చక్రాలను చూపించకండి. పొదలు, కూలిన గోడ, రేగిన దుమ్ము, కెమెరా పెట్టే ఎత్తు, ఇవన్నీ మీ చేతిలోనే ఉన్నాయి.

3. “గుండు తగిలితే తెరంతా మంట లేవాలి”

ఆ నారింజరంగు మంట పెట్రోలుది, గుండుది కాదు. కవచాన్ని ఛేదించే గుండు వేగంతో, బరువుతో పనిచేస్తుంది. బయట ఒక మెరుపు, ఒక దెబ్బ చప్పుడు, చిన్న రంధ్రం. ఘోరమంతా లోపలే జరుగుతుంది. ఉక్కు పెళ్ళలు చిట్లి మనుషులకు తగులుతాయి, తర్వాత గుండ్లలోని మందు అంటుకుంటుంది, మూతల్లోంచి మంట చిమ్ముతుంది. టీ-72లో గుండ్లను టరెట్ కింద చుట్టూ పేర్చి ఉంచుతారు. అవి ఒక్కసారిగా అంటుకుంటే టరెట్టే ఎగిరిపోతుంది. అన్ని ట్యాంకుల టరెట్లూ అలా ఎగిరిపోవు, చాలా ట్యాంకులు చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి.

బదులుగా ఇలా చేయండి: దెబ్బ తగిలాక కెమెరాను మూతల మీద పెట్టండి. ఎవరు బయటికి వస్తారు, ఎవరు రారు అన్న ఆ కొన్ని క్షణాలు ఏ బ్లాస్టు కంటే ఎక్కువగా ప్రేక్షకుణ్ణి పట్టి ఉంచుతాయి.

4. “రెండు ట్యాంకులూ దగ్గరికొస్తేనే ఫైటు”

‘ఫ్యూరీ’ (2014) కోసం ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియం తన టైగర్ 131ను ఇచ్చింది. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సేనలకు చిక్కిన అసలు టైగర్ అది. ఇంత నిజమైన యంత్రాన్ని పెట్టుకుని కూడా ఆ పోరాటాన్ని సినిమా కోసం వంచారు. ఒక షెర్మన్‌ను మొదటి దెబ్బకే కూల్చిన టైగర్, దాగున్న చోటు వదిలి ముందుకొచ్చి మిగతావాటితో తలపడుతుంది. టైగర్‌లోని 88 మి.మీ. ఫిరంగి కిలోమీటరుకు పైబడిన దూరం నుంచే షెర్మన్‌ను ఛేదించగలదు. ఆ బలమున్న సిబ్బంది చోటు వదలరు. అసలు ట్యాంకు తెచ్చినంత మాత్రాన నిజం రాదు, ట్యాంకు నడవడిక కూడా నిజం కావాలి.

బదులుగా ఇలా చేయండి: దూరాన్నే భయంగా మార్చండి. గుండు ఎక్కడినుంచి వచ్చిందో తెలియని అయోమయం, దుర్భిణిలో వెతుకులాట, పక్క ట్యాంకు రేడియో మూగబోవడం, ట్యాంకు యుద్ధంలో ఉత్కంఠ అంతా అక్కడే ఉంది.

5. “బరువుదేముంది, సీజీలో చూసుకుందాం”

నాటకంలో భీముడు గదను పుల్లలా తిప్పేస్తే జనం నమ్మరు. టైగర్ బరువు దాదాపు 57 టన్నులు, టీ-90 బరువు 46 టన్నుల పైమాట. అంత బరువు బ్రేకు వేస్తే ముక్కు కిందికి వంగుతుంది, మలుపు తిరిగితే నేల చీరుకుపోతుంది. ఫిరంగి పేలితే గొట్టం వెనక్కి తంతుంది, బండి మొత్తం ఊగుతుంది, చుట్టూ దుమ్ము ఒక్కసారిగా లేస్తుంది. సినిమా ఫిరంగుల్లో చాలామటుకు గ్యాసు మంటే వస్తుంది గానీ గొట్టం కదలదు.

బదులుగా ఇలా చేయండి: సీజీ బృందానికి ట్యాంకు ఫొటోలు కాదు, నిజమైన ఫైరింగ్ వీడియోలు ఇవ్వండి. వాళ్ళు నేలను, దుమ్మును, బండి ఊగడాన్ని గమనించాలి.

6. “లోపలి సీన్లలో డైలాగులు హాయిగా వినపడాలి”

ఇంజను రొదలో పక్కనున్నవాడి మాట కూడా వినపడదు. సిబ్బంది హెల్మెట్‌లోని ఇయర్‌ఫోన్లు, మైకులతోనే మాట్లాడుకుంటారు. మూతలు మూస్తే బయటి లోకం పెరిస్కోపు సందుల్లోంచి కనిపించినంతే. అందుకే పక్కన కాల్బలం లేకపోతే ట్యాంకు గుడ్డిది. టీ-55లో లోడరు ఎత్తే 100 మి.మీ. గుండు సుమారు 30 కిలోలు. నిటారుగా నిలబడే వీలు కూడా లేని చోట, ఊగుతున్న బండిలో ఆ పని చేయాలి. ఇజ్రాయెల్ దర్శకుడు శామ్యూల్ మావోజ్ 1982 లెబనాన్ యుద్ధంలో స్వయంగా ట్యాంకు గన్నర్. ఆయన తీసిన ‘లెబనాన్’ (2009) దాదాపు మొత్తం ట్యాంకు లోపలే నడుస్తుంది, బయటి యుద్ధాన్ని గన్నర్ కంటితోనే చూస్తాం. వెనిస్ చిత్రోత్సవంలో దానికి గోల్డెన్ లయన్ వచ్చింది.

బదులుగా ఇలా చేయండి: ఇరుకును, చెమటను, పొగను, తెగిపోయే మాటలను వాడుకోండి. బడ్జెట్ తక్కువున్న దర్శకుడికి ఇంతకంటే మంచి దారి లేదు.

7. “ట్రాకులుంటే అన్నీ ట్యాంకులే”

మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఫ్యాక్టరీలో తయారయ్యే బీఎంపీ-2 ట్యాంకు కాదు, కాల్బలాన్ని మోసుకెళ్ళే పోరాట వాహనం. 14 టన్నుల బరువు, 30 మి.మీ. ఫిరంగి, ముగ్గురు సిబ్బందితో పాటు వెనక కూర్చునే ఏడుగురు జవాన్లు. నీటి మీద తేలుతుంది, అందుకే కవచం పలుచన. దాన్ని ట్యాంకుకు ఎదురుగా నిలబెట్టి పోరాడించడం ఆ పదిమందిని చావుకు పంపడమే. మరోవైపు హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ రూపొందించిన కంచన్ కవచం అర్జున్ ట్యాంకుకు రక్ష. ఈ రెంటికీ తేడా తెలిస్తే కథే మారుతుంది. ‘పిప్పా’ (2023) 1971లో గరీబ్‌పూర్ దగ్గర పోరాడిన పీటీ-76 చుట్టూ తిరుగుతుంది. పలుచని కవచం, నీటి మీద తేలే గుణం, ఆ ట్యాంకు స్వభావమే అక్కడ కథ.

బదులుగా ఇలా చేయండి: మీ వాహనం ఏం చేయగలదో, ఏం చేయలేదో ఒక కాగితం మీద రాసి రచయితకు ఇవ్వండి. ఆ ‘చేయలేదు’లోంచే సన్నివేశాలు పుడతాయి.

8. “మనవాళ్ళు ఎక్కువమంది పోతేనే కన్నీళ్ళు వస్తాయి”

అన్నిట్లోకీ హానికరమైన సలహా ఇదే. 1971 డిసెంబరు 4 రాత్రి లోంగేవాలా పోస్టులో మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వంలో ఉన్నది సుమారు 120 మంది. ఎదురుగా వచ్చినవి నలభైకి పైగా పాకిస్తాన్ ట్యాంకులు. అవి ఇసుకలో కూరుకున్నాయి, ముళ్ళకంచె చూసి మందుపాతరలున్నాయేమోనని ఆగాయి, తెల్లవారగానే జైసల్మేర్ నుంచి వచ్చిన హంటర్ విమానాలకు దొరికిపోయాయి. మనవైపు ప్రాణాలు కోల్పోయింది ఇద్దరు. ‘బోర్డర్’ (1997)లో మాత్రం ముఖ్య పాత్రల్లో చాలామంది చనిపోతారు. ఆ పోస్టులో పోరాడిన భైరోన్ సింగ్ తెరమీద అమరుడైనా, నిజజీవితంలో 2022 డిసెంబరు దాకా బతికే ఉన్నారు. అంతమంది శత్రువుల మధ్య అంత తక్కువ నష్టంతో నిలబడడమే ఆ రాత్రి గొప్పదనం. దాన్ని తీసేస్తే చాంద్‌పురి నిర్ణయాలకు విలువ లేకుండా పోతుంది.

బదులుగా ఇలా చేయండి: ట్యాంకు ఎక్కడ ఓడిపోయిందో, ఎందుకు ఓడిపోయిందో కథకు వెన్నెముకగా పెట్టండి. ఇసుక, ఇంధనం, చీకటి, విమానం, ఇవి కూడా పాత్రలే.

చివరిగా ఒక్క మాట. రూపం విషయంలో రాజీ తప్పకపోవచ్చు. అసలు టైగర్లు ఎన్నో మిగల్లేదు, మన సైన్యపు పాత బండ్లు అడగ్గానే రావు. కానీ బరువు, దూరం, చప్పుడు, చూపు, లోపలి మనుషుల పని, వీటిని సరిగా చూపడానికి డబ్బుకన్నా శ్రద్ధ ముఖ్యం. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో రిటైరైన సైనికులకు కొదవలేదు. స్క్రిప్టు రాయడానికి ముందే ట్యాంకు దళంలో పనిచేసిన ఒకరిని వెతికి, గౌరవంగా పిలిచి కూర్చోబెట్టి, ఆయన చెప్పింది రాసుకోండి. షూటింగ్‌లో ఆయన ‘ఇలా జరగదు బాబూ’ అంటే ఆ షాట్ ఆపండి.