ఉయ్యాల పక్కన ఉద్యోగం

బాలింతకు ఇంటి నుంచి పని ఇప్పించడం అందరికీ ఏదో ఒకటి మిగిల్చే ఏర్పాటు. కంపెనీకి క్రెష్ ఖర్చు మిగులుతుంది. ఇంటికి ఆయా జీతం మిగులుతుంది. భర్తకు రాత్రి నిద్ర మిగులుతుంది. సలహా ఇచ్చిన చుట్టాలకు పుణ్యం మిగులుతుంది. బాలింతకు మిగిలేవి రెండు ఉద్యోగాలు. ఒకదానికి జీతం ఉండదు, రెండోదానికి సెలవు ఉండదు.

ముందు చట్టం సంగతి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లల విషయంలో 12 వారాల జీతంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు. కాన్పయ్యాక ఆరు వారాల దాకా ఆమెను పనిలో పెట్టుకోవడం యజమానికి నిషేధం. పనిచేయడం ఆమెకూ నిషేధం. సెలవు పూర్తయ్యాక, పని స్వభావం వీలిస్తే, ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద ఇంటి నుంచి పనిచేయవచ్చు. 50 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థ క్రెష్ ఏర్పాటు చేయాలి, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లనివ్వాలి. 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోకీ ఈ సెలవూ, ఈ వెసులుబాటూ వచ్చి చేరాయి.

అంటే చట్టం ప్రకారం ముందు సెలవు, ఆ తర్వాత ఇంటి నుంచి పని. ఆచరణలో రెండింటినీ కలిపేసి సెలవులోనే పని చేయిస్తున్నారు. ఇందుకు కారణం లెక్కల పుస్తకంలో ఉంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవారికి ఈఎస్‌ఐ సంస్థే డబ్బు చెల్లిస్తుంది. మిగతావారి 26 వారాల జీతం యజమాని జేబులోంచే పోవాలి. సర్కారు సెలవు ప్రకటించి బిల్లు కంపెనీకి పంపింది. కంపెనీ ఆ బిల్లును తిప్పి బాలింత దగ్గరే వసూలు చేసుకుంటోంది.

బాలింతకు దొరికే ఈ ఇంటి ఉద్యోగాలు నాలుగు రకాలు. మొదటి రకానికి ఆఫర్ లెటర్ ఉండదు, ఫోన్‌తో మొదలవుతుంది. ‘పాప ఎలా ఉందండీ? బాగా రెస్ట్ తీసుకోండి’ అని మేనేజరు కుశలం అడుగుతాడు. ఆ వెంటనే, ‘ఆ రిపోర్టు ఒక్కసారి చూసి పెడితే చాలండీ, ఐదు నిమిషాల పని’ అంటాడు. ఆఫీసు గడియారంలో ఐదు నిమిషాలంటే పిల్ల పాలు తాగి, పడుకుని, లేచి, మళ్లీ పాలకు ఏడ్చేంత సేపు. ఈ పనికి ఈమెయిల్ ఉండదు. అడగడమూ పంపడమూ వాట్సాప్‌లోనే. సెలవు తీసుకున్న స్త్రీ ఆ సమయంలో ఏ సంస్థలో పనిచేసినా ఆ మేరకు ప్రసూతి ప్రయోజనం కోల్పోతుందని 1961 చట్టమే చెప్పింది. కాన్పు తర్వాతి ఆరు వారాలు దాటితే అడిగినవాడికి ఏమీ కాదు, చేసినామె డబ్బుకే ముప్పు. కనుక పని జరగనట్టే ఇద్దరూ ఉండిపోతారు. రివ్యూ నాడు కంపెనీ ఈ మాట మీద మరీ నిజాయితీగా నిలబడుతుంది. ‘ఈ ఏడాది ఆరు నెలలు మీరు లేరు కదా’ అని రేటింగ్ తగ్గిస్తుంది.

రెండో రకం, సెలవయ్యాక ఉన్న ఉద్యోగాన్నే ఇంటి నుంచి చేయడం. 2020 మార్చి తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల పనంతా ఇళ్లలో డైనింగ్ టేబుళ్ల మీద, మంచాల మీద నడిచింది. అప్పుడు ఏ పని స్వభావమూ అడ్డు రాలేదు. ఇప్పుడు ఓ తల్లి ఆరు నెలలు అలాగే చేస్తానంటే ‘పని స్వభావం అనుమతించదు’ అని జవాబు వస్తుంది. వైరస్‌కు ఒప్పుకున్న స్వభావం పసిబిడ్డకు ఒప్పుకోదు. ఒకవేళ ఒప్పుకున్నా, ఇంట్లో ఉండే తల్లికి క్రెష్ ఎందుకని ఆ పద్దు కొట్టేస్తారు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మహిళలకు పెద్ద ఎత్తున ఇంటి నుంచి పని కల్పించాలన్న ఆలోచన ప్రకటించారు. ఉద్యోగాలు వస్తే సంతోషమే. పని గంటల్లో పిల్లను ఎవరు ఎత్తుకుంటారన్నదానికి మాత్రం ఇలాంటి పథకం ఏదైనా జవాబు చెప్పి తీరాలి.

మూడో రకం, సెలవులో ఉండగానే కొత్త రిమోట్ ఉద్యోగం వెతుక్కోవడం. ప్రకటనలో ‘ఫ్లెక్సిబుల్ టైమింగ్స్’ అని ఉంటుంది. వంగాల్సింది టైము కాదని ఇంటర్వ్యూలో తెలుస్తుంది. క్లయింటు అమెరికాలో ఉంటాడు, అతనికి పగలైతే ఇక్కడ రాత్రి. చంటిపిల్ల ఎలాగూ రాత్రంతా మేలుకునే ఉంటుంది గనుక ఇది ఆమెకు సౌకర్యమేనని హెచ్‌ఆర్ నమ్మకం. ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది: ‘ఇంట్లో పాపను చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారా అండీ?’ అదే పాప తండ్రి అదే కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్తే అతన్ని ప్రాజెక్టుల గురించి అడుగుతారు.

నాలుగో రకం వీటన్నిటికంటే సులువుగా దొరుకుతుంది. ‘గృహిణులకు, కొత్త తల్లులకు సువర్ణావకాశం, రోజుకు రెండు గంటలు చాలు’ అంటూ ఫోన్‌కే వస్తుంది. హోటళ్లకు రేటింగ్ ఇవ్వమంటారు, వీడియోలకు లైకులు కొట్టమంటారు. మొదట కొద్దిగా డబ్బు వేసి నమ్మకం కుదురుస్తారు. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేర్చి, పెద్ద టాస్కుకు ముందుగా డిపాజిట్ కట్టమంటారు. ఆ డబ్బు తిరిగి రాదు. ఇలా మోసపోయినవారు వెంటనే 1930కి ఫోన్ చేయాలి. నాలుగు రకాల్లో చట్టం మోసమని పిలిచేది దీన్నొక్కదాన్నే.

ఇక పనిదినం. బాలింత చెవుల్లో దూది ఉంటుంది, తలకు గుడ్డ కట్టి ఉంటుంది. ఆ గుడ్డ మీదుగా హెడ్‌సెట్ పెట్టుకోవాలి. కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్, ఒళ్లో పిల్ల. పాలు తాగే పిల్ల సరిగ్గా మత్తులోకి జారుతుండగా స్క్రీన్ మీద ఎవరో ఆమె పేరు పిలుస్తారు. ఆమె అన్‌మ్యూట్ చేయగానే మీటింగులో మొదట వినిపించేది పిల్ల గొంతే. అందరూ ‘సో క్యూట్’ అంటారు, డెడ్‌లైన్ మాత్రం మార్చరు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి చట్టం విరామం ఇచ్చింది. ఆఫీసు చాట్‌లో పేరు పక్కన ఉండే పచ్చ చుక్కకు ఆ చట్టం తెలియదు. కాసేపు మౌస్ కదలకపోతే పసుపు రంగుకు మారి, ఆమె సీట్లో లేదని టీమంతటికీ చాటుతుంది. అదే ఇంట్లో భర్తా లాప్‌టాప్ ముందే ఉంటాడు. ఆయన మీటింగ్ మొదలైతే గది తలుపు మూసుకుంటుంది, ‘నాన్న పనిలో ఉన్నాడు’ అని ఇల్లంతా గుసగుసలాడుతుంది. ఆమె గదికి ఆ వసతి లేదు. ఉయ్యాల ఉన్నది అక్కడే.

తండ్రిని అనాలన్నా చట్టం అడ్డుపడుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది. ప్రైవేటు ఉద్యోగికి ఏ కేంద్ర చట్టమూ ఒక్క రోజు రాసిపెట్టలేదు. పిల్ల తల్లిదేనని చట్టమే తేల్చాక, కంపెనీ కొత్తగా తేల్చాల్సింది లేదు.

ఇంటి నుంచి పని చెడ్డదేమీ కాదు. సెలవు చివరి రోజు దాకా దక్కాలి. పని గంటలు కాగితం మీద ఉండాలి. ఆ గంటల్లో బిడ్డను చూసే మనిషి వేరే ఉండాలి, ఆ మనిషికి జీతం ఉండాలి. ఇప్పటికి ఆ మనిషి ఎక్కువగా జీతం లేని అమ్మమ్మో, నాయనమ్మో. కంపెనీలు ఈ ఏర్పాటు మీదే ఆధారపడుతున్నప్పుడు ఆ సంగతి దాచడం దేనికి? ఉద్యోగ ప్రకటనలో డిగ్రీ, అనుభవం తర్వాత మూడో అర్హతగా ‘ఇంట్లో తల్లి గానీ, అత్తగారు గానీ ఆరోగ్యంగా ఉండవలెను’ అని అచ్చు వేయిస్తే సరిపోతుంది.